ఫైనల్‌కు ముందు కొండెక్కిన జట్టు

కరోనా తగ్గి కాలేజీలు మళ్ళీ మామూలుగా నడవడం మొదలైన రెండో ఏడాది అది. వడమాలపేట నుంచి తిరుపతి వచ్చే దారిలో ఒక డిగ్రీ కాలేజీలో నేను ఫిజికల్ డైరెక్టర్‌ని, పిల్లల మాటలో పీడీ సార్‌ని. జట్లను ఎంపిక చేయడం, ఆడించడం, టోర్నమెంట్లకు తీసుకువెళ్ళడం, దెబ్బ తగిలితే ముందుగా చూడడం, ఇవన్నీ నా పనే. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని కాలేజీలో అందరికీ తెలుసు.

మా బాస్కెట్‌బాల్ జట్టులో పొడుగు వాళ్ళు లేరు. పరుగు ఒక్కటే ఉంది. బంతి చేతికి చిక్కగానే, ఎదుటివాళ్ళు వెనక్కి తిరిగేలోపు అవతలి బుట్ట కింద ఉండాలి. దీన్ని ఫాస్ట్ బ్రేక్ అంటారు. సీజనంతా దాంతోనే నెట్టుకొచ్చాం. తిరుపతిలో జరిగిన అంతర కళాశాలల పోటీల్లో గురువారం సెమీఫైనల్ కూడా గెలిచేశాం. మా కాలేజీ ఫైనల్‌కు రావడం అదే మొదటిసారి.

కెప్టెన్ మునిశేఖర్. వాళ్ళ నాయన వడమాలపేట దగ్గర పల్లెలో వేరుశనగ వేస్తాడు. వీడు పాయింట్ గార్డ్, అంటే బంతిని ముందుకు తెచ్చి ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో తేల్చేవాడు. డిగ్రీ చివరి సంవత్సరం. యూనివర్సిటీ జట్టులో చోటు దొరికితే స్పోర్ట్స్ కోటాలో బీపీఈడీ, అంటే వ్యాయామ విద్య కోర్సులో సీటు అడగొచ్చు. నాలాగా పీడీ కావాలని వాడి కోరిక. ఆదివారం ఫైనల్ చూసి ఆ జట్టును ఎంపిక చేస్తామని సెలక్టర్లు చెప్పారు. కాబట్టి వాడికి మిగిలింది ఆ ఒక్క మ్యాచే. వాడి చోట బదులుగా దించడానికి బషీర్ అనే రెండో సంవత్సరం కుర్రాడు ఉన్నాడు. పుత్తూరు వాడు, నెమ్మదస్తుడు, ఎక్కువగా బెంచీ మీదే కూర్చునేవాడు.

శుక్రవారం విశ్రాంతి. "తినండి, నిద్రపోండి, బంతి ముట్టుకోవద్దు" అని చెప్పి పంపాను.

శనివారం ఉదయం కోర్టు దగ్గరికి వచ్చి చూస్తే వరసగా గుండ్లు. బషీర్ ఒక్కడికే జుట్టు ఉంది. గుండ్లకు చందనం పూసుకుని, కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తున్నారు. నాకు విషయం అర్థమైపోయింది.

"యాడికి పొయినార్రా?" అన్నాను.

"కొండకు పొయినాము సార్" అన్నాడు మునిశేఖర్. "అలిపిరి కాణ్ణించి నడిచే ఎక్కినాము."

"మరి దిగింది బస్సులోనేనా?"

"లేదు సార్. నడిచి ఎక్కి నడిచే దిగుతామని మొక్కుకోనుంటిమి. ఎక్కేదే కదా సార్ కష్టం, దిగేది ఏముండాది, గబగబా పరిగెత్తుకుంటా వచ్చేసినాము."

నెత్తిన పిడుగు పడినట్టయింది. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, అంతే. అసలు దెబ్బ దిగేటప్పుడే. ప్రతి మెట్టుకూ తొడ కండరం సాగుతూనే ఒంటి బరువునంతా ఆపాలి. ఘాట్ రోడ్డులో దిగే బస్సుకు బ్రేకులు అరిగినట్టు అరుగుతుంది. పైగా ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు. మర్నాడు మొదలై, రెండో రోజుకు ముదురుతుంది. దీన్ని మా పుస్తకాల్లో మజిల్ సోర్‌నెస్ అంటారు. వీళ్ళకు రెండో రోజంటే ఆదివారం, ఫైనల్ రోజు.

"మొక్కు గెలిచినాక కదరా తీర్చుకునేది! ముందే తీర్చుకునేవాళ్ళను నేనెక్కడా చూడలేదు" అని అరిచాను.

"గెలిచినాక చేస్తామంటే అది బేరం సార్. ముందే చేసేస్తే భక్తి" అన్నాడు మునిశేఖర్, చాలా వినయంగా.

ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరు పోయి కట్టు కట్టించుకుని వస్తామని ఇంకొకడు అన్నాడు. కట్టు కట్టడానికి ఎముక విరగలేదురా నాయనా అన్నాను. బషీర్ వైపు తిరిగి "నిన్ను పిలవలేదా?" అంటే, "పిలిచినారు సార్. మా నాయనతో మార్కెట్‌కు పోవాల్సి వచ్చింది, లేకుంటే తోడు పోయుందును" అన్నాడు. వీడూ వెళ్ళేవాడే అన్నమాట!

కండరం తనంతట తాను కోలుకోవాల్సిందే, మందు లేదు. మెల్లగా నడిపించాను, నీళ్ళు తాగించాను, తొందరగా పడుకోబెట్టాను. ఆట మాత్రం మార్చాల్సి వచ్చింది. పరుగు మానేసి, బంతి వేయడానికి షాట్ క్లాక్ ఇచ్చే ఇరవై నాలుగు సెకండ్లూ పూర్తిగా వాడుకుని నిదానంగా ఆడాలని చెప్పాను. మనిషిని వెంటాడకుండా ఎవరి జాగా వాళ్ళు కాచుకునే జోన్ డిఫెన్స్ వేశాను. సీజనంతా పరుగు నేర్పి, ఆఖరి రోజున నడవండిరా అని చెప్పడం నాకే నవ్వొచ్చింది.

ఫైనల్ మదనపల్లె వైపు నుంచి వచ్చిన జట్టుతో. మా గుండ్లను చూసి గ్యాలరీలో ఈలలు వేశారు. సగం ఆటయ్యేసరికి ఏడు పాయింట్లు వెనకబడ్డాం. జోన్ పరవాలేదు కానీ, అవతలి గార్డ్ మునిశేఖర్‌ను దాటుకుని పదే పదే లోపలికి వస్తున్నాడు. మునిశేఖర్ మోకాళ్ళు వంచలేకపోతున్నాడు. మోకాలు వంగకపోతే డిఫెన్స్ లేదు.

వాడిని తీసేయాలని నాకు తెలుసు. తీసేస్తే వాడి సెలక్షన్ పోతుందనీ తెలుసు. సెలక్టర్లు ఎదురుగానే కుర్చీల్లో కూర్చున్నారు. జట్టు కోసం చూడాలా, వాడి కోసం చూడాలా అని కొట్టుమిట్టాడాను. నాలుగు క్వార్టర్లలో మూడోది సగమైనా బెంచీ వైపు తిరగలేదు.

అప్పుడు బంతి బయటికి పోయి ఆట ఆగింది. మునిశేఖర్ కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"సార్, నన్ను తీసేసి బషీర్‌ను దించండి."

"సెలక్టర్లు ఆడ కూచోనుండారు. తెలిసే అంటా ఉండావా?"

"తెలుసు సార్. నాకు కాళ్ళు రావడంలేదు. వానికి కాళ్ళుండాయి."

ఇంకేమీ అడగకుండా బషీర్‌ను దించాను. బషీర్ కాళ్ళు తాజాగా ఉన్నాయి. అవతలి గార్డ్‌కు అడుగడుగునా అడ్డం పడ్డాడు. వాళ్ళ బంతి రెండుసార్లు లాక్కుని ఒంటరిగా పోయి బుట్టలో వేసి వచ్చాడు. మిగిలినవాళ్ళు కుంటుతూనే తమ జాగాలు కాచుకున్నారు. బెంచీ మీద నుంచి మునిశేఖర్ "కుడిపక్క చూడ్రా బషీరూ, కుడిపక్క!" అని గొంతు పోయేలా అరుస్తూనే ఉన్నాడు. ఒక్క పాయింటు తేడాతో గెలిచాం.

కప్పు మునిశేఖరే అందుకున్నాడు. గంట తర్వాత యూనివర్సిటీ జట్టు పేర్లు చదివారు. మా కాలేజీ నుంచి ఒక్క పేరే ఉంది, బషీర్. వాడు సంతోషించాలో ఏడవాలో తెలియక మునిశేఖర్ చెయ్యి పట్టుకుని నిలబడిపోయాడు. మునిశేఖర్ వాడి వీపు మీద గట్టిగా ఒకటి చరిచాడు.

మ్యాచ్ చూడడానికి మునిశేఖర్ వాళ్ళ నాయన కూడా వచ్చి ఉన్నాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. ఆయన నా దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టాడు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు.

"ఏం మొక్కుకున్న్యావప్పా కొండమింద?"

"కప్పు రావాలని నాయనా."

"వచ్చెనే! మరి నీ సెలక్షనో?"

మునిశేఖర్ గుండు తడుముకుని నవ్వాడు.

"అది అడిగేది మర్సిపోయినా నాయనా."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నేను అటు తిరిగి బంతులు సంచీలో వేసుకోవడం మొదలుపెట్టాను. కళ్ళు తడవడం పిల్లలు చూస్తే రేపటి నుంచి నా కోపానికి విలువుండదు.

ఆట గురించి ఈ ఫైనల్ నాకు నేర్పింది ఒక్కటే. విశ్రాంతి రోజున ఏం చేయకూడదో చెప్పి ఊరుకుంటే చాలదు, వాళ్ళు ఏం మొక్కుకున్నారో కూడా అడిగి తెలుసుకోవాలి. కొండ కింద పనిచేసే పీడీకి అది తప్పదు. ఇప్పుడు ప్రతి ఫైనల్‌కు ముందు పిల్లలను కూర్చోబెట్టి చెబుతాను. కొండకు పోవాలంటే బస్సులో పోయి బస్సులో రండి, మెట్ల మొక్కులు ఆటలయ్యాక తీర్చుకోండి. స్వామి ముందు నిలబడినప్పుడు జట్టు కోసం అడగండి, కాదనను. ఆ తర్వాత ఒక్క నిమిషం ఆగి, మీ పేరు కూడా చెప్పుకోండిరా.