కాపలావాడి ఎర్ర తాళం

దోహాలో మా తెలుగు సంఘానికి ఆరాధన శుక్రవారమే. ఆ శుక్రవారం నాటకం కూడా ఉంది. రోములో చెరపడ్డ అపొస్తలుడు, అతని చేతికి తన చేతిని గొలుసుతో కలిపి కట్టుకున్న సిపాయి. ఎత్తూ మీసమూ చూసి సిపాయి వేషం నాకిచ్చారు. అపొస్తలుడు మా సంఘంలోని అకౌంటెంటు.

“మీరు ప్రేతోర్య సేనండోయ్, చక్రవర్తికి సొంత కాపలా. కొందరు చక్రవర్తుల్ని ఆ కాపలావాళ్ళే చంపేశారంట!” అన్నాడాయన.

“నాకంత దమ్ము లేదు లెండి,” అని నవ్వాను.

ఇండస్ట్రియల్ ఏరియాలో ఇనుప పని చేసేవాణ్ణి, అట్టముక్కతో గొలుసు చేస్తానా? నిజం గొలుసే తెచ్చాను. దానికో తాళం కావాలి. మా వర్క్‌షాపులో మెషీన్ లోపలికి దూరి రిపేరు చేసేవాళ్ళు, దాని స్విచ్ ఆపి, ఇంకెవరూ వేయకుండా తమ ఎర్ర తాళం బిగించాలి. రేకులు నొక్కే పెద్ద ప్రెస్సు రిపేరులో ఉంది, దానికి నాది వేసి ఉంది. శుక్రవారం సెలవు, ఎవడొస్తాడులే అని గురువారం సాయంత్రం ఊడదీసి జేబులో వేసుకున్నాను. ఎంత బుద్ధిలేని పని!

పొద్దున గొలుసు బిగించుకుని స్టేజీ పక్కన నిలబడ్డాం. నాతో పనిచేసే కరీంనగర్ తమ్ముడి వాయిస్ మెసేజ్ వచ్చింది. “అన్నా, ఓవర్‌టైమ్‌కు రమ్మన్నరు. ప్రెస్సు లోపలికి పోతున్న. నీ తాళం ఉన్నది కదా, నాదెందుకని వెయ్యలే. బేఫికర్‌గ ఉండు.”

ఆ తాళం ఇక్కడ నా మణికట్టు మీద ఉంది. ఫోన్ చేస్తే ఎత్తడు. సూపర్‌వైజరూ ఎత్తడు. ఓవర్‌టైమ్ ఉందంటే పదింటికి షిఫ్టువాళ్ళూ వచ్చి మెషీన్లన్నీ ఆన్ చేసుకుంటూ పోతారు. అప్పటికే తొమ్మిదిన్నర దాటింది. ప్రభువా, నేనే చంపేస్తున్నానా వాణ్ణి? గొలుసు విప్పుదామని తాళంచెవి కోసం అంగీ కింద జేబులు వెతకబోయాను.

“అదలా ఉండనివ్వండి, కారెక్కండి,” అన్నాడు అకౌంటెంటు. గొలుసుతోనే పరిగెత్తాం.

వెళ్ళేసరికి ప్రెస్సు కింద తమ్ముడి బూట్లు కనిపిస్తున్నాయి. షిఫ్టువాడొకడు స్విచ్ వైపు నడుస్తున్నాడు.

“హాథ్ మత్ లగావ్, చెయ్యి పెట్టకు!” అని అరిచి, అకౌంటెంటుతో సహా వెళ్ళి స్విచ్‌కు వీపు ఆనించి నిలబడ్డాను.

తమ్ముడు బయటికొచ్చి నా ఎర్ర అంగీ, అట్ట కవచం చూసి పగలబడి నవ్వాడు. “ఏందన్నా ఈ వేషం?” అప్పుడు నా మణికట్టు మీది తాళం చూశాడు. ఖాళీ స్విచ్ చూశాడు.

“నేను లోపలున్నంత సేపు ఇది నీ చేతికే ఉన్నదా?”

గొలుసు విప్పి, ఆ తాళాన్ని స్విచ్‌కు బిగించాను.

ఇప్పటికీ అన్నా అనే పిలుస్తాడు. లోపలికి దూరే ముందు మాత్రం నా తాళం పక్కన తన తాళం వేసుకుంటాడు. తనది ఒకసారి లాగి చూస్తాడు, నాది రెండుసార్లు.