తెల్లనారింజ, నారింజ, తెల్లాకు, నీలం

మొన్న శనివారం మా అమ్మాయి గదిలో వైఫై ఆగి ఆగి వస్తోందని, హాల్లోంచి అక్కడిదాకా కేబుల్ లాగడానికి కూర్చున్నాను. "అమ్మా, జస్ట్ కాల్ సమ్‌వన్!" అంది అది. "నేనుండగా ఇంకొకళ్ళెందుకే?" అంటూ పై తొడుగు ఒలిచానో లేదో, లోపలున్న ఎనిమిది రంగుల తీగలూ విచ్చుకున్నాయి. వాటిని చూడగానే ఆస్ట్రేలియాలోని టూవూంబాలో మా మొదటి చలికాలం, క్లాసులో నా పక్కన కూర్చున్న పెద్దాయన గుర్తొచ్చారు.

మావారికి అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం. గుంటూరులో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పిన నాకు మాత్రం ఆ ఊళ్ళో పని దొరకలేదు. చివరికి ఒక బడివాళ్ళు, నెట్‌వర్కింగ్ ప్రాథమిక కోర్సు పాసైతే కంప్యూటర్లు చూసుకునే పని ఇస్తామన్నారు. వెళ్ళి చేరాను. క్లాసంతా కుర్రకారు, నేనూ నా పక్కన కూర్చునే ఆ పెద్దాయనా తప్ప. ఆయన పశువుల రైతు. ఈనబోయే ఆవుల్ని ఇంట్లో కుర్చీలోంచే కెమెరాలో చూసుకోవాలని, అందుకు షెడ్డుదాకా తన చేత్తోనే కేబుల్ వేసుకోవాలని ఆయన కోరిక. కంప్యూటర్ కబురును ముక్కలు చేసి పంపితే, అవతల మళ్ళీ వరసగా అతుక్కుంటుందని మాస్టారు చెబితే ఆయన హాయిగా తలూపేవారు. నాకేమో, ముక్కల్లో ఒకటి దారి తప్పితే ఎలాగని దిగులు. తప్పితే అవతలి కంప్యూటర్ మళ్ళీ అడిగి తెప్పించుకుంటుందని విన్నాక గానీ మనసు కుదుటపడలేదు.

కేబుల్ చివర ప్లగ్గు బిగించడం మొదలయ్యాక ఆయన డీలా పడ్డారు. ఏది చేసినా పనిచేయదు. ఒకరోజు టీ తాగుతూ, అక్కడి పెద్దవాళ్ళ ఆప్యాయపు పిలుపుతో, "ఇక మానేస్తున్నా, లవ్. ఆరెంజ్, గ్రీన్, బ్రౌన్, నాకన్నీ ఒకటే రంగు" అన్నారు.

"దానికి మానెయ్యడం దేనికి? రంగులు నేను చెప్తా, మీరు బిగించండి" అన్నాను. మాస్టారు కూడా, పని ఆయన చేతులే చేయాలి గానీ రంగు చెబితే తప్పులేదన్నారు. ఒక్కో తీగనూ వేలితో చూపిస్తుంటే, కంగారులో నా నోటికి తెలుగే వచ్చేది: తెల్లనారింజ, నారింజ, తెల్లాకు, నీలం, తెల్లనీలం, ఆకు, తెల్లవక్క, వక్క. ఆయన బుద్ధిగా వల్లించేవారు. వక్క అంటే ఏమిటని అడిగితే, భోజనమయ్యాక నమిలేదని చెప్పాను. "బ్రౌన్ తీగనా!" అని పొట్ట పట్టుకుని నవ్వారు.

పరీక్ష రోజున ఆయన కేబుల్ తగిలించగానే అవతలి కంప్యూటర్ పలికింది. నాదే పలకలేదు! ఆయనకు రంగులు చెప్పే హడావిడిలో నా తీగలు తారుమారు చేసుకున్నాను. బడి ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. మాస్టారు జాలిపడి ఇంకో అవకాశమిచ్చారు. పెద్దాయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు సవరించుకుని, "టెల్ల నారింజా..." అని అందుకున్నారు. క్లాసంతా నోరు తెరిచి చూస్తోంది. నేను నవ్వాపుకుంటూ ఆయన చెప్పిన వరసలో ఒక్కో తీగా దూర్చాను. "వాకా!" అని ఆయన ముగించారు, నేను ప్లగ్గు నొక్కాను, అవతలి కంప్యూటర్ పలికింది.

ఆ వసంతంలోనే బడిలో చేరాను. ఆయన ఫోనులో షెడ్డు కెమెరా తీసిన దూడ వీడియో పంపారు. నలభై దాటాక కొత్తగా ఏం నేర్చుకుంటానులే అని అప్పట్లో తెగ బెంగపడేదాన్ని. ఇప్పుడు తిరిగి చూసుకుంటే, అప్పుడు నేనెంత చిన్నదాన్నో అనిపిస్తోంది.