జవాబు రాగం

బస్సు సగం దారిలో మొరాయించడంతో, మిగతా దూరం నడుద్దామని దిగింది పాటల డాక్టరమ్మ. నిజానికి ఆమె డాక్టరు కాదు. మాట పడిపోయినవాళ్ల దగ్గర ఆసుపత్రిలో కూర్చుని, వాళ్లు ఏ చప్పుడు చేస్తే దానికి అప్పటికప్పుడు ఒక రాగం అల్లి జవాబివ్వడం ఆమె పని. ఒకప్పుడు పెళ్లి బ్యాండులో కీబోర్డు వాయించేది. "అప్పట్లో నిన్ను వినకుండా తినేవాళ్లు, ఇప్పుడు తినకుండా వింటున్నారు" అని మొగుడు ఎగతాళి చేస్తాడు.

పడవ పాట తెడ్డు వేగాన్నిబట్టి పుడుతుంది, జోలపాట ఊయల ఊపునుబట్టి. ఈమె పాటలు ఎవరి బాధనుబట్టి పుడితే వాళ్లవి. ముందు తను వాయించకూడదు. అవతలివాడు గోటితో బల్ల గీరినా సరే, అందుకుని తిరిగి ఇవ్వాలి. ఆ అలవాటు ఒంటికి పట్టేసి, ఇంట్లో కుక్కరు కూతకి కూడా శ్రుతి కలుపుతుంది. పరువు తీస్తున్నావని కూతురు విసుక్కుంటుంది.

ఆవేళ ఆమె ధ్యాసంతా చివరి గదిలోని తాపీ మేస్త్రి మీదే. మెట్ల మీంచి పడ్డాడని తెచ్చారు. అప్పట్నుంచి నోట మాట లేదు. డోలు ముందు పెడితే ఎప్పుడూ ఒకటే వాయిస్తాడు: బరువైన ఒక దెబ్బ, వెంటనే తోలు మీద అరచేత్తో ఒక ఈడ్పు. మళ్లీ దెబ్బ, మళ్లీ ఈడ్పు. దగ్గరికొస్తున్నట్టు పెరిగి పెరిగి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆగిన చోట రెండు చేతులతో తల కప్పుకుంటాడు. ఆయన్ని ఇవాళ ఇంటికి పంపేస్తున్నారు. ఈలోగా ఆ భయమేమిటో తెలుసుకోవాలని ఆమె ఆరాటం.

రోడ్డుకి రెండువైపులా మూసిన గోదాములు. గాలి కూడా లేదు. వెనక ఎవరో వస్తున్నారు. ఆలోచనలో ఉండగానే ఆమె పెదాల మీదికి కూనిరాగం వచ్చేసింది, రోజూ మేస్త్రి డోలుకి ఇచ్చే జవాబే. రెండు వరసలు పాడాకగానీ తెలియలేదు, తను దేనికి జవాబిస్తోందో. వెనక ఒక బరువైన అడుగు, ఒక ఈడ్పు.

"బాగుందండీ. ఏం పాటది?"

కుడికాలు ఈడుస్తూ ఒక మనిషి పక్కకొచ్చాడు. చేతిలో పళ్ల సంచి.

"పాట కాదు. మా ఆసుపత్రిలో ఒకాయన డోలు వాయిస్తే నేను పాడేది" అనేసి నాలిక కరుచుకుంది.

"ఓహో, పాటల డాక్టరమ్మ మీరేనన్నమాట. మా వదిన చెప్పింది. మేస్త్రి మా అన్నయ్యే." చిన్నగా నవ్వాడు. "ఏం వాయిస్తాడండీ మావాడు?"

"ఏవో దెబ్బలు."

"నా నడకకి సరిగ్గా కుదిరిందే మీ రాగం. కుంటోణ్ణి, నా తాళం నాకు తెలీదా తల్లీ." అతను ఆగాడు. ఆమె కూడా ఆగక తప్పలేదు. "చివర్లో ఏం చేస్తాడు?"

ఆమె కొంగు సర్దుకుని మలుపు వైపు చూసింది.

"చిన్నప్పట్నుంచీ బెదురు మనిషి లెండి. వదిన ఒక్కతే ఎక్కడ సాకుతుంది? ఇకమీదట నా దగ్గరే ఉంటాడు. తీసుకుపోదామనే వస్తున్నా. మా ఇంట్లో డోలూ గీలూ ఉండవు." సంచి రెండో చేతికి మార్చుకున్నాడు. "మీరూ అటేగా, కలిసే వెళ్దాం. నాతో ఆలస్యమవుతుంది, ఏమనుకోకండి."

మలుపు అవతల ఆసుపత్రి పై అంతస్తు కనిపిస్తోంది. ఇతనికన్నా ముందు చేరితే డాక్టరుతో చెప్పొచ్చు. ఏమని? డోలు దెబ్బ సాక్ష్యమా అని నవ్వుతాడు. నవ్వనీ. ఇవాళ్టికి మాత్రం పంపొద్దని కాళ్లయినా పట్టుకోవచ్చు.

"ఎండన పడి వస్తున్నారు, పండు తినండి" అంటూ అతను తల వంచి సంచిలో వెతికాడు.

అతను తల ఎత్తేలోగా ఆమె చెప్పులు విప్పి చేతబట్టుకుంది. మలుపు వైపు వడివడిగా నడక అందుకుంది.