ఘాటు రాని మిరపకాయలు

ఈ రోజు మధ్యాహ్నం వంటగదిలో పొగ అలారం బిగించి, దాన్ని ఇంట్లో లైట్లకీ ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కీ ఫోన్‌తో కలిపాను. పొగ వస్తే అలారం మోగాలి, లైట్లన్నీ వెలగాలి, ఫ్యాన్ దానంతటదే తిరగాలి. ఎలా పరీక్షించాలా అనుకుంటుంటే మా అత్తగారే ఆ పని చేసిపెట్టారు.

పొద్దున పెడనలో పెళ్ళికి తీసుకెళ్ళిన మా పాప బందరు తిరిగొచ్చాక ఒకటే ఏడుపు. అందరి కళ్ళూ పడ్డాయంటూ అత్తగారు ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి, స్టవ్ మీద కాలుతున్న మూకుట్లో వేశారు. దిష్టి తగిలి ఉంటే మిరపకాయలు మాడినా ఘాటు రాదని ఆవిడ నమ్మకం.

పొగ లేచింది. అలారం గోల పెట్టింది, ఇల్లంతా వెలిగింది, ఫ్యాన్ గిర్రున తిరిగింది. నేను సంబరంగా చూస్తున్నాను. ఆవిడ గాలి పీల్చి చూసి తల పంకించారు.

"ఒక్కరికైనా దగ్గొచ్చిందా అమ్మాయ్? ఎంత దిష్టి తగిలిందో చూడు."

"ఘాటంతా ఫ్యాన్ లాగేసిందండీ అత్తయ్యగారూ."

"మరి అదెందుకు అలా మొత్తుకుంది? దానిక్కూడా తెలిసిపోయింది."

పాప ఏడుపు ఆపేసింది. ఆ లైట్లు చూసి ఆపిందని నా అనుమానం.

రేపు ఫ్యాన్ కట్టేసి మళ్ళీ దిష్టి తీయమందామనుకున్నాను. కానీ అప్పుడు అందరం దగ్గితే, ఇవాళ తీసిన దిష్టి పనిచేసిందంటారు. ఆవిడ ఓడిపోయే సెట్టింగ్ ఏదైనా ఉంటే చెప్పండి, పెట్టి చూస్తాను.