కుడి పువ్వు

కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీలో నేను విషాద నాటకాలు పాఠం చెబుతాను. గ్రీకుల కాలం నాటివి, ఆ తర్వాతి రాజుల కాలం నాటివి, అన్నీ చచ్చేవాళ్ళ కథలే. పరీక్షలో ప్రతి ఏడూ ఒకే ప్రశ్న ఇస్తాను: నాయకుడి పతనానికి కారణం విధియా, అతని సొంత నిర్ణయమా, చర్చించండి. పిల్లలు గైడు బట్టీపట్టి రాస్తారు. విధి అన్నవాడికీ, సొంత నిర్ణయం అన్నవాడికీ సమానంగా మార్కులు వేస్తాను. రెండూ కలిసే అని గోడమీద పిల్లిలా రాసినవాడికి ఒక మార్కు ఎక్కువే వేస్తాను, ఎందుకంటే నా అభిప్రాయమూ అదే. అంటే నాకు అభిప్రాయం లేదన్నమాట.

పోయిన వేసవిలో మా అక్క చనిపోయింది. ఇప్పుడు ఆ ప్రశ్న చూస్తే ఒళ్ళు మండుతుంది.

అక్కను మైదుకూరు దగ్గర పల్లెకు ఇచ్చారు. బావది పసుపు సేద్యం. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం అక్క గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయిందట. ఆ సంగతి నలభై దాటాక గాని బయటపడలేదు. మొదట మిద్దె మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చేది. తర్వాత పసుపు ఉడకబెట్టే చోట నిలబడలేకపోయింది. ఆ తర్వాత మాట కూడా ఒక్క ఊపిరిలో పూర్తిచేయలేకపోయింది. మా అక్క వట్టి వాగుడుకాయ, ఎదుటివాడికి సందిచ్చే రకం కాదు. అట్లాంటి మనిషి మాట మధ్యలో ఆగిపోయి గాలి కోసం తడుముకుంటుంటే, ఆ మిగిలిన ముక్క నేను అందించాలో, ఊరుకోవాలో తెలిసేది కాదు.

కర్నూలులో డాక్టరు చూసి కవాటం మార్చాలన్నాడు. ఇప్పుడైతే మంచిది, ఆలస్యమయ్యేకొద్దీ గుండె అలసిపోతుంది, అని వివరంగా చెప్పాడు. నేను తేదీ అడగబోతుంటే బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మను అడగల్ల కదప్పా," అన్నాడు.

అమ్మ అంటే మా ఊరికీ వాళ్ళ ఊరికీ నడుమ పొలిమేరలో ఉన్న దేవత. పెద్ద పని ఏదైనా ఆమెను పువ్వు అడిగాకే మొదలుపెడతారు. పూజారి రెండు పూలు నీళ్ళలో తడిపి, విగ్రహానికి కుడి భుజం మీద ఒకటి, ఎడమ భుజం మీద ఒకటి అంటిస్తాడు. ఇంటి పెద్ద చేతులు కట్టుకుని మనసులో మాట అడుగుతాడు. కుడి పువ్వు ముందు రాలితే చేయమని. ఎడమది రాలితే వద్దని. పొలం అమ్మాలన్నా, బోరు వేయాలన్నా, సంబంధం ఖాయం చేయాలన్నా ఇదే పద్ధతి. నన్ను కాలేజీలో చేర్చేటప్పుడు కుడిదే రాలింది. దాని పుణ్యమా అని చదువుకుని, ఆ పువ్వునే వెక్కిరించడం నేర్చుకున్నాను.

అక్క ఆపరేషన్‌కు ఎడమ పువ్వు రాలింది.

బావ మూర్ఖుడనుకోవద్దు. అక్క అంటే ఆయనకు పంచప్రాణాలు. భయం ఆయన్ని అట్లా చేసింది. "అమ్మ వద్దనిందాన్ని చేసి, ఏమన్నా అయితే నేనెట్ట బతకల్లప్పా?" అన్నాడు.

"చేయకపోతే ఏమైతుందో డాక్టరు చెప్పినాడు కదా బావా!" అని నేను గొంతు చించుకున్నాను.

"డాక్టరూ మనిషే కదప్పా."

అక్క గడప దగ్గర నిలబడి మా ఇద్దరి రభసా వింది. నువ్వేమంటావని ఆమెను ఎవరూ అడగలేదు.

ఒకసారి వద్దన్న సంగతిని మళ్ళీ పంట ఇంటికొచ్చేదాకా అడగకూడదని ఆనవాయితీ. ఆ ఏడాది మాత్రలతో గడిచింది. పంట వచ్చాక అడిగితే మళ్ళీ ఎడమదే రాలింది. ఆ రోజుల్లోనే నేను క్లాసులో ఒక రాజు కథ చెబుతున్నాను. జోస్యం విని, అది జరగకూడదని ఊరు విడిచి పారిపోతాడు. ఆ పారిపోయిన దారిలోనే అది జరుగుతుంది. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "జోస్యం అడగడానికే పోకుండా ఉండింటే సార్?" అంది. అప్పుడు నాటకమే ఉండదు, కూర్చో అన్నాను. క్లాసంతా నవ్వింది. నాకు ఆ అమ్మాయి మీద ఎందుకంత కోపం వచ్చిందో సాయంత్రం దాకా అర్థం కాలేదు.

మూడోసారి, ఆ మరుసటి ఏటి పంట వచ్చాక, కుడి పువ్వు రాలింది. బావ గుళ్ళోనే కూలబడి ఏడ్చాడట. ఊరందరికీ బొరుగులూ బెల్లమూ పంచాడు. మర్నాడే అక్కను కర్నూలుకు తీసుకొచ్చాడు.

ఆపరేషన్‌కు ముందు రోజు పొద్దున, బావ టిఫిన్ తేవడానికి కిందికి పోయినప్పుడు, అక్క నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"అబ్బీ, ఒక మాట చెప్తా. మీ బావకు చెప్పద్దు."

"ఏంది?"

"ఆ పువ్వు... అమ్మ రాల్చలేదు. నేను రాలిపిచ్చినా."

నాకు అర్థం కాలేదు. ఆగి ఆగి చెప్పింది. పువ్వు అడిగే ముందు రోజు ఒక్కతే పూజారి ఇంటికి పోయిందట. "కుడిది తడపద్దు, ఊరికె ఆనిచ్చు సామీ. ఎడమదానికి కుంకం ముద్ద పెట్టి గట్టిగా అంటిచ్చు, అని కాళ్ళు పట్టుకున్యా. ఆయప్ప కూడా ఏడ్చినాడు పాపం."

నాకు నవ్వొచ్చింది. "భయం కాలేదా అక్కా?"

"అయింది. శానా అయింది." కాసేపు గాలి పీల్చుకుంది. "నా పెండ్లి పువ్వు చెప్పింది. నా బిడ్డ పేరు పువ్వు చెప్పింది. నేను ఊపిరి పీల్చుకోవల్లనా, వద్దా... అదీ పువ్వే చెప్పల్లనా అబ్బీ?"

మధ్యలో ఎన్నిసార్లు ఆగిందో, నేను ఒక్క ముక్క అందించలేదు. చివరిదాకా తనే చెప్పుకుంది. దొంగతనంగా జామకాయ కోసుకొచ్చిన పిల్ల ముఖంలో ఉండే వెలుగు ఆ ముఖంలో ఉంది. అక్కను అంత సంతోషంగా నేను పెళ్ళి పీటల మీద కూడా చూడలేదు.

ఆపరేషన్ జరిగింది. కొత్త కవాటం బాగానే పనిచేసిందట. గుండే దానితో సమానంగా పనిచేయలేకపోయింది. అక్క కళ్ళు తెరవలేదు. "ఇంకాస్త ముందు వచ్చి ఉంటే..." అని డాక్టరు మాట మధ్యలోనే ఆపేశాడు. ఆయన చేయాల్సిందంతా చేశాడు.

అప్పటినుంచి నా బుర్రలో ఆ పరీక్ష ప్రశ్నే తిరుగుతోంది. అక్క తన బతుకును తన చేతిలోకి తీసుకుంది, నిజమే. తీసుకునే వేళకు ఆ చేతిలో ఏమీ మిగల్లేదు. ఆ పని మొదటిసారే చేసి ఉంటే? మొదటిసారి చేయగలిగే మనిషి కాదు. ఊపిరి ఆడని రెండేళ్ళు గడిచాకే ఆ తెగువ వచ్చింది, ఆ రెండేళ్ళే ఆమెను చంపాయి. ఎటునుంచి తిప్పి చూసినా ఇక్కడికే వస్తున్నాను. నాకు ఇందులో ఏ ఊరటా దొరకడం లేదు. నాటకాల్లోనైతే చివరికి నిజం అందరికీ తెలుస్తుంది. పోయినవాళ్ళ గొప్పతనం చెప్పడానికి ఒకడు మిగులుతాడు. అక్క కథలో ఆ మిగిలినవాణ్ణి నేను.

దినాలు అయిపోయిన మధ్యాహ్నం బావ పసుపు ఆరబెట్టే కళ్ళంలో కూర్చుని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. అక్క పోయినప్పటినుంచి ఆయన సరిగా ముద్ద మింగలేదు. మేనకోడలు అన్నం పళ్ళెం తెచ్చి పక్కన పెట్టి నిలబడింది. ఆయన పళ్ళెం వైపు చూడలేదు. నావైపు చూశాడు.

"అమ్మ వద్దనింది, ఆగినా. సరే అనింది, పిల్చుకొని పోయినా. నేను ఆమె మాట యాడ తప్పినానప్పా? నువ్వు చదువుకున్నోడివి, ఇట్టాంటివే పిల్లోళ్ళకు చెప్తాండావు. నిజం చెప్పు. ఇది రాసిపెట్టి ఉండిందా? లేకుంటే మొదట్లోనే పిల్చుకొని పోయింటే, మీ అక్క బతికుండేదా?"

బతికుండేది బావా అనాలి. ఆ కుడి పువ్వు అమ్మది కాదు, మా అక్కది అనాలి. ఆమె నీకూ నాకూ దేవతకూ కూడా లొంగలేదని, ఊరంతా వినేటట్టు చెప్పాలి. గొంతుదాకా వచ్చింది. మేనకోడలు నా నోటివైపే చూస్తోంది. ఆయన పక్కన పళ్ళెం ముట్టకుండా అట్లాగే ఉంది.

"రాసిపెట్టి ఉండింది బావా," అన్నాను. "అంతా అమ్మ చేతిలోనే ఉండింది. నువ్వు చేయగలిగింది ఏమీ ల్యా."

బావ చాలాసేపు తల ఊపాడు. తర్వాత పళ్ళెం దగ్గరికి లాక్కుని, ఏడుస్తూ, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మా అక్క జన్మలో సొంతంగా చేసిన పని ఆ ఒక్కటే. దాన్ని నా నోటితో నేనే దేవతకు ఇచ్చేశాను.