ఫోను మాటలు చుట్టూ తిరిగి పోయే దారి

మా ఆయన ప్రొద్దుటూరులో నెట్ కనెక్షన్లు ఇస్తాడు. అయినా వేంపల్లెలోని మా అమ్మతో వీడియో కాల్ మాట్లాడితే మాట తెగిపోతుంది. ఎందుకని ఈ రోజు ఆయన్నే అడిగాను.

నెట్‌కు దారి చూపే పెట్టెలు, రూటర్లు, ఏ దారికి ఎంత ఖర్చో అంకెల్లో ఒకదానికొకటి చెప్పుకుని, ఖర్చు తక్కువున్న దారిలోనే పంపుతాయట. మా ఇంటితో ఫ్యాక్షన్ పగలున్న ఎదురు పార్టీ ఊరి మీదుగా పోయే దగ్గరి దారికి మాత్రం ఈయనే ఖర్చు కింద పెద్ద అంకె వేసిపెట్టాడట. అందుకని అంతా కమలాపురం చుట్టూ, రద్దీ లైన్లో పోతోందట!

"ఫోను మాటలకు గూడా పార్టీలేంది అత్తా?" అని నవ్వబోయాను.

అత్త బియ్యం ఏరడం ఆపింది. "ఆ అంకె నేనే ఎయ్యమంటి పాపా. మీ మామ ఆ దగ్గరి దార్లోనే పొయ్యి మళ్లా ఇంటికి రాల్యా."

మామను చంపారని తెలుసు. ఏ దారిలోనో ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

ఆ అంకె తీసెయ్యమని ఇప్పుడు ఏ నోటితో అడగాలి? మీరైతే అడుగుతారా?