సరళ చెప్పింది, నేనే వినలేదు

నా భార్య సరళ జబ్బు దాచిపెట్టిందని మా బంధువులందరూ అనుకున్నారు. అది నిజం కాదని నాకు తెలుసు. తెలిసీ ఏడాదిపాటు నోరు విప్పలేదు.

సరళ గన్‌ఫౌండ్రీలో ఒక చిన్న బడిలో టీచర్‌గా పనిచేసేది. ఒక సాయంత్రం నాంపల్లిలోని మా ఇంట్లో నాకు చాయ్ ఇస్తూ, "హాజరు పిలుస్తుంటే గొంతు వస్తలేదు. పిల్లలు నవ్విన్రు" అంది.

"బడిల అరుస్తవ్, ఇంట్ల అరుస్తవ్. పోక ఏం జేస్తది?" అన్నాను. తనూ నవ్వింది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు చెప్పింది. అప్పుడు నవ్వలేదు.

చివరికి మా గల్లీలోని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. "ఎన్ని రోజులైందమ్మా?" అని ఆయన ఆమెనే అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే, "పది రోజులు సార్. టీచర్ కదా, అరుస్తది" అని నేను చెప్పేశాను. దుకాణం తెరవాలన్న తొందర నాది. సరళ నా మోచేతిని తాకింది. పట్టించుకోలేదు. డాక్టర్ మాత్రలు రాశాడు.

అబిడ్స్‌లో నాది కళ్లద్దాల దుకాణం. అద్దం మార్చి, "ఇది మంచిగుందా, ముందుదా?" అని అడిగి, వాళ్లు చెప్పేదాకా ఆగడమే నా పని. ముక్కూమొహం తెలియనివాళ్ల జవాబు కోసం ఇరవై ఏళ్లుగా ఆగుతున్నాను.

మరో రెండు నెలలకు సరళకు మెట్లెక్కితే ఆయాసం, మింగితే నొప్పి మొదలయ్యాయి. అప్పుడు పెద్ద దవాఖానకు వెళ్లాం. ఎండోస్కోపీ, సీటీ స్కాన్, బయాప్సీ. రిపోర్టు చూసిన ఈఎన్‌టీ డాక్టరమ్మ, "గొంతు క్యాన్సర్. గొంతు బొంగురు మూడు వారాలు దాటంగనే చూపియ్యాలె. అప్పుడొస్తే రేడియేషన్‌తోనే పోతుండెనేమో. ఇప్పుడు వాయిస్ బాక్స్ తియ్యక తప్పదు" అంది.

ఆపరేషన్ ముందురోజు సరళ తన తరగతి పిల్లల పేర్లు ఒక్కొక్కటే పైకి పిలిచింది. ముప్పై నాలుగు పేర్లు. ఆమె గొంతు నేను విన్నది అదే ఆఖరు.

వాయిస్ బాక్స్ తీసేసే ఆ ఆపరేషన్, లారింజెక్టమీ, తర్వాత ఊపిరికి మెడకు రంధ్రం, తిండికి ముక్కులో ఫీడింగ్ ట్యూబ్. కుట్ల దగ్గర లీకై ట్యూబ్ ఇంకో నెల ఉంచారు. ఆ రోజుల్లోనే సరళ అన్న రాములు బావ వచ్చి, మంచం పక్కన నిలబడి ఏడుస్తూ తిట్టాడు. "గింత అయ్యేదాంక చెప్పకపోతే ఎట్లనే చెల్లె? మేమంత సచ్చిపోయినమా?"

సరళ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. ఆ తర్వాత చూడవచ్చినవాళ్లందరూ ఆ మాటే అన్నారు.

రేడియేషన్ కూడా అయింది. ఇప్పుడు సరళ పలక మీద రాసి మాట్లాడుతుంది. బడి మానేసింది. చెకప్‌కు వెళ్తూనే ఉన్నాం. జబ్బు తిరిగి రాదని డాక్టరమ్మ మాట ఇవ్వలేదు.

మీకు చెప్పేది ఒకటే. ఇంట్లోవాళ్లను డాక్టర్‌కు చూపిస్తే, అడిగినదానికి వాళ్లనే జవాబు చెప్పనివ్వండి. దుకాణం ఆలస్యంగా తెరిచినా ఏమీ కాదు.

పోయిన ఆదివారం రాములు బావ ఇంటికొచ్చి మళ్లీ అదే మొదలుపెట్టాడు. సరళ పలక అందుకోలేదు.

"చెప్పింది బావా" అన్నాను. "మూడుసార్లు చెప్పింది. నేనే ఇనలే. డాక్టర్ ఆమెను అడిగితే నడుమ నేను అందుకొని పది రోజులన్న. అప్పటికే రెండు నెలలాయె."

సరళ పలక తీసుకుని రాసి, నా ముందు పెట్టింది. "మూడు నెలలు."

"ఔ, మూడు" అన్నాను. "తప్పు నాది సరళా. అందరు నిన్ను అంటుంటే సప్పుడు జేయలే. నన్ను మాఫ్ చెయ్యి."

ఆమె పలక తుడిచి ఒళ్లో పెట్టుకుంది. ఏమీ రాయలేదు. నేను తొందరపెట్టలేదు.